మిక్సీ మూలుగుతోంది, ఓటీపీ రావట్లేదు: అమెరికా వెళ్ళిన పిల్లల ఇబ్బందులకు అనంతపురంలోనే మందు

ఆగస్టు దగ్గర పడిందంటే అనంతపురంలో మా వీధిలో ఏదో ఒక ఇంట్లో సూట్‌కేసు తూకం వేస్తుంటారు. నేను టెక్సాస్‌లో రెండేళ్ళు చదివి వచ్చాను కాబట్టి, వెళ్ళిన పిల్లలు ఏ ఇబ్బంది వచ్చినా నాకే మెసేజ్ పెడతారు. చూస్తే చాలావరకు బెంగళూరు ఎయిర్‌పోర్టుకు కారెక్కే ముందు ఇక్కడ చేయకుండా వదిలేసిన పనులే.

"అక్కా, మిక్సీ మూలుగుతోంది, బుడ్డలు (వేరుశనగలు) నలగట్లేదు"

కారణం: మన ఇళ్ళలో కరెంటు 230 వోల్టులు, అమెరికాలో 120. మనం కొనుక్కెళ్ళే అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే గానీ వోల్టేజిని మార్చదు. ఊరుబిండి, అంటే మా వైపు బుడ్డల పచ్చడి, కోసమని నేనూ ఒక మిక్సీ మోసుకెళ్ళాను. వేయించిన బుడ్డలు, ఎండుమిరపకాయలు వేసి తిప్పితే బ్లేడు రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది, మోటారు మాడిన వాసన. రైస్ కుక్కర్ ఇంకా మోసం: లైటు వెలుగుతుంది, అన్నం ఉడకదు. వోల్టేజి సగమైతే వేడి పావు వంతుకు పడిపోతుంది. ఇక్కడ 700 వాట్ల కుక్కర్ అక్కడ ఇచ్చేది 190 వాట్లే.

పరిష్కారం: రెండూ ఇంట్లోనే వదిలేయండి. కుక్కర్ అక్కడ కొనుక్కోవచ్చు. మిక్సీ కావాల్సిందే అంటే 110 వోల్టుల మోడల్ అని అడిగి తీసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు గానీ, మిక్సీని లాగేంతది మోయాలంటే బ్యాగులో ఇంకేమీ పట్టదు. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100-240 అని రాసి ఉంటే టెన్షన్ అక్కర్లేదు.

"పోపు పెడితే పొగ అలారం మోగుతోంది"

చాలా అపార్ట్‌మెంట్లలో పొయ్యి మీది ఫ్యాన్ పొగను బయటికి పంపదు, వడగట్టి మళ్ళీ గదిలోకే వదులుతుంది. కిటికీ తెరిచి, మంట తగ్గించి పోపు పెట్టండి. అలారానికి ప్లాస్టిక్ కవరు కట్టడం మాత్రం వద్దు. నా రూమ్మేట్ ఆ తెలివే చూపించి ఇంటి ఓనరుతో చీవాట్లు తిన్నది.

"మన బ్యాంకు ఓటీపీ రావట్లేదు"

రోమింగ్ ఆన్ చేయకుండానే విమానం ఎక్కేసి ఉంటారు, లేదా రీచార్జి అయిపోయి ఉంటుంది. వెళ్ళేముందే రోమింగ్ ఆన్ చేయించుకోండి, రీచార్జి చేసే పని నాన్నకు అప్పగించండి. నెలల తరబడి వాడకపోతే ఆ నంబరు ఇంకొకరి చేతికి పోతుంది.

"కార్డు మీద నా పేరు ఎఫ్ఎన్‌యూ అని ఉంది"

ఇంటిపేరును ఒక్క అక్షరంతో సరిపెట్టుకోవడం మనకు అలవాటు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో మీ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోతుంది. అసలు పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ, అంటే "మొదటి పేరు తెలియదు" అని పడుతుంది. బ్యాంకు, డ్రైవింగ్ లైసెన్సు, అన్నిట్లోనూ అదే వెంటాడుతుంది. యూనివర్సిటీకి అప్లై చేయకముందే పాస్‌పోర్టులో రెండు గడులూ నింపించుకోండి. వెళ్ళాక మన కాన్సులేట్ ద్వారా మార్చుకోవచ్చు గానీ, మిగతావన్నీ మళ్ళీ తిరిగి మార్పించుకోవాలి.

"వాడు ఫోన్ ఎత్తట్లేదమ్మా"

ఇది తల్లుల ఫిర్యాదు. వేసవిలో టెక్సాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, తేడా పదకొండున్నర అవుతుంది. రోజూ రాత్రి 9:30కి, అంటే అక్కడ పొద్దున 11కి, క్లాసు అయ్యాక మాట్లాడే పిల్లాడు అప్పటినుంచి ఆ వేళకు అక్కడ 10 కాబట్టి క్లాసులోనే ఉంటాడు. మార్చి రెండో ఆదివారం దాకా ఫోన్ టైము ఒక గంట ఆలస్యంగా, రాత్రి 10:30కి జరపండి, అంతే.

మా అమ్మ మాత్రం గోడకు రెండో గడియారం పెట్టించింది. నేను తిరిగొచ్చి ఏడాదైనా తీయలేదు. పక్కింటి ఆంటీ కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు, ఆమె ఫోన్ చేసేముందు వచ్చి మా గోడ చూసి వెళ్తుంది.