మాట తేడా వచ్చిందా? మంచం పక్కనే కారణం పట్టే పద్ధతి

పక్షవాతం (స్ట్రోక్) వచ్చినవాళ్ళ కేస్ షీట్లలో “కన్‌ఫ్యూజ్డ్”, “ఇర్రెలవెంట్ టాక్”, “సహకరించడం లేదు” అని రాసి ఉండటం తరచు చూస్తుంటాం. వాటి వెనక చాలాసార్లు ఉండేది అఫేసియా. మెదడులో భాషను నడిపే చోట దెబ్బ తగిలింది. మతి నిలకడగానే ఉన్నా మాటలు వెతికి పట్టుకోవడమో, విన్నదాన్ని విడమర్చుకోవడమో చేతకావడం లేదు. దెబ్బ ఎక్కడ తగిలిందో స్కాన్ చూపిస్తుంది కానీ, ఆ మనిషికి ఏం అర్థమవుతోందో చూపించదు. అది తెలియాలంటే పక్కన కూర్చుని అడగాల్సిందే. వాచీ, పెన్ను, తాళంచెవి, ఒక తెల్లకాగితం, పదిహేను నిమిషాల ఓపిక ఉంటే చాలావరకు తేలిపోతుంది. ఇది జిల్లా ఆసుపత్రుల్లో డ్యూటీ చేసే హౌస్ సర్జన్లు, సిస్టర్లు, ఫిజియోథెరపిస్టుల కోసం రాస్తున్నాను. మంచం పక్కన కూర్చునే ఇంటివాళ్ళకూ పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు

మాట తేడా ఇప్పుడిప్పుడే మొదలైందంటే కింద రాసినవేవీ మొదలుపెట్టకండి. ఇంట్లో ఉంటే 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో ఉంటే వెంటనే షుగర్ చూడాలి, ఎందుకంటే షుగర్ పడిపోయినా మాట ఇలాగే తడబడుతుంది. ఆ వెంటనే మెదడుకు సీటీ స్కాన్. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఉండే గడువు 4.5 గంటలు. అది మనిషి చివరిసారి బాగా ఉన్న క్షణం నుంచి లెక్క, ఆసుపత్రికి వచ్చిన క్షణం నుంచి కాదు. “కాళ్ళూ చేతులూ బాగానే ఆడుతున్నాయి, పొద్దున చూద్దాం” అని ఆగినవాళ్ళకు ఆ గడువు ఇంట్లోనే దాటిపోతోంది. ఒక్క మాట మాత్రమే పోయినా అది స్ట్రోకే కావచ్చు. మింగగలడో లేదో చూడకుండా నీళ్ళు తాగించొద్దు.

ప్రమాదం దాటాక పరీక్ష. కళ్ళజోడు, వినికిడి మెషిన్, కట్టుడు పళ్ళు ఇంట్లో మర్చిపోయి వచ్చారేమో అడగండి. రాత్రి నిద్రమందు ఇచ్చారేమో చూడండి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, చదువు ఎంతవరకు, ఏ చేత్తో రాసేవారు అన్నవి ముందే తెలుసుకోవాలి. కుడిచేతివాటం వాళ్ళలో నూటికి 95 మందికి భాష ఎడమ మెదడులో ఉంటుంది. ఎడమచేతివాటం వాళ్ళలో కూడా ఎక్కువమందికి అంతే. ఎడమ మెదడు దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి కుడివైపు చూపు పోతుంది. అలాంటప్పుడు వస్తువులను వాళ్ళకు ఎడమగా, ఒకదాని కింద ఒకటి పెట్టి చూపించాలి.

“మాట ముద్దగా వస్తోంది, ఒక్క ముక్కా తెలియడం లేదు”

ఇది అఫేసియా కాకపోవచ్చు. నాలుక, పెదవులు, గొంతు కండరాలు బలహీనపడితే వచ్చేది డిసార్థ్రియా. ఇందులో ఉచ్చారణే చెడుతుంది, భాష చెక్కుచెదరదు. తేల్చడానికి పెన్నూ కాగితమూ ఇచ్చి చెప్పదలచుకున్నది రాయమనండి. కుడిచెయ్యి పడిపోతే ఎడమచేత్తో గీకినా చాలు. వాక్యం సరిగ్గా రాస్తే అది డిసార్థ్రియా. రాతలోనూ మాటలు తప్పితే అఫేసియాను అనుమానించాలి. చదువు రానివాళ్ళకు ఈ పరీక్ష పెట్టకూడదు. వాళ్ళకు వస్తువులు చూపించమని అడిగి, అవును-కాదు ప్రశ్నలు వేసి చూడాలి. గొంతులో ట్యూబు ఉన్నవాళ్ళకూ ఇదే దారి.

“గలగలా మాట్లాడుతున్నాడు, అర్థం లేదు. పిచ్చి పట్టిందేమో”

ఎక్కువ అన్యాయం జరిగేది ఈ పేషెంట్లకే. మాట ధారగా వస్తుంది, స్వరం మామూలుగానే ఉంటుంది. కానీ మధ్యలో లేని మాటలు దొర్లుతాయి, ఒక మాటకు బదులు ఇంకోటి పడుతుంది. తన మాట తప్పుతోందన్న సంగతి ఆ మనిషికి తెలియదు. ఎదుటివాళ్ళకు అర్థం కానందుకు కోపం వస్తుంది. జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికే 1874లో వర్ణించిన అఫేసియా ఇదే. దెబ్బ ఎడమ మెదడులో, చెవికి పైన వెనకవైపు ఉంటుంది. చేతినీ కాలినీ కదిలించే భాగం అక్కడికి కాస్త దూరం. అందుకని చాలామందికి మూతి వంకర పోదు, చెయ్యి పడిపోదు. పక్షవాతపు గుర్తులేవీ కనబడకపోవడంతో ఇంటివాళ్ళు గాలి సోకిందనుకుంటారు, లేదా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు.

డెలీరియంతో (ఒంట్లో జబ్బు వల్ల ఉన్నట్టుండి మతి చెదరడం) దీన్ని కలిపేయడం డాక్టర్లూ చేసే పొరపాటే. డెలీరియంలో ముందు చెడేది ధ్యాస. మనిషి మీ వైపు చూస్తూ చూస్తూ ఎటో వెళ్ళిపోతాడు, గంటగంటకూ మారుతుంటాడు, మగతగానో గాభరాగానో ఉంటాడు. మాటలు చాలావరకు అసలు మాటలే, విషయం మాత్రం దారి తప్పుతుంది. వాచీ చూపిస్తే “వాచీ” అని చాలామంది చెప్పగలరు. అఫేసియా పేషెంట్ అలా కాదు. మీ ముఖం మీద నుంచి చూపు తిప్పడు, పెద్ద డాక్టరు వస్తే నమస్కారం పెడతాడు, కళ్ళజోడు సరిగ్గా తగిలించుకుంటాడు, భోజనం పద్ధతిగా చేస్తాడు. మాట ఒక్కటే చెదిరి, ప్రవర్తన అంతా కుదురుగా ఉంటే మాట వైపే వెతకండి.

“ఇది ఏ నెల? మీ వయసెంత?” అన్నవాటికి తప్పు చెప్పాడని స్పృహ చెదిరిందని రాసేయొద్దు. ప్రశ్న అర్థం కానివాడు, జవాబు నోటికి రానివాడు కూడా అలాగే తప్పుతాడు. తలకు దెబ్బ తగిలినవాళ్ళలో స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేల్ కింద మాటకు వేసే మార్కులు కూడా అఫేసియా వల్లే తగ్గవచ్చు. ఆ స్కోరు పక్కన “అఫేసియా అనుమానం” అని ఒక ముక్క రాస్తే తర్వాతి డ్యూటీ వాళ్ళు మోసపోరు. ఇంకో సంగతి. పల్లెటూరి పెద్దవాళ్ళు నవంబరు అనకుండా కార్తీకం అంటారు, వయసు “డెబ్బై దాటాయి” అంటారు. అవి సరైన జవాబులే.

మాట వచ్చిపోతూ ఉంటే, మధ్యలో కనురెప్పలో మూతో అదురుతుంటే ఫిట్స్ సంగతి గుర్తుకు రావాలి. మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ తీయించాలి.

“అంతా అర్థమవుతోంది డాక్టర్‌గారూ, మాటే రావడం లేదు”

కొడుకులూ కోడళ్ళూ ఈ మాట నమ్మకంగా చెబుతారు. చాలాసార్లు అది సగం నిజం. అన్నం పళ్ళెం చేతిలో పట్టుకుని “తింటావా నాన్నా?” అంటే, మాట అర్థం కాకపోయినా పళ్ళెం అర్థమవుతుంది. గొంతు, సైగ, వేళ పట్టి మనిషి సర్దుకుపోతాడు. వార్డులో మనం చేసేదీ అంతే. “కళ్ళు మూసుకోండి” అంటూ మనమే మూస్తాం, “చెయ్యి ఎత్తండి” అంటూ మనమే ఎత్తి చూపిస్తాం. పైగా కళ్ళు మూయడం, నాలుక చాపడం, లేచి కూర్చోవడం లాంటి పనులు అర్థం చేసుకునే శక్తి బాగా దెబ్బతిన్నవాళ్ళలో కూడా మిగిలి ఉంటాయి. వాటితో పరీక్ష ముగిస్తే ఏమీ పరీక్షించనట్టే.

చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముఖంలో ఏ సైగా లేకుండా మాటతోనే అడగండి. తలుపు ఎటుందో, కిటికీ ఎటుందో చూపించమనండి. తర్వాత పెన్నూ తాళంచెవీ ముందు పెట్టి, “పెన్నుతో తాళంచెవిని ముట్టుకోండి” అనండి. అది చేస్తే “పెన్నును తాళంచెవితో ముట్టుకోండి” అనండి. వస్తువులు అవే, ప్రత్యయాలు తారుమారు. రెండోది తప్పితే మాటలు పట్టుకుంటున్నాడు కానీ వాక్యాన్ని పట్టుకోలేకపోతున్నాడని తెలుస్తుంది.

అవును-కాదు ప్రశ్నలు కనీసం పది అడగాలి. ఊరికే తల ఊపినా సగం సరిపోతాయి కాబట్టి పదిలో ఆరు సరైతే అర్థమవుతోందని అనలేం. “ఇది రైల్వే స్టేషనా?”, “రాయి నీళ్ళలో తేలుతుందా?”, “అన్నం వండాక బియ్యం కడుగుతామా?”, “పులిని మేక తింటుందా?” లాంటివి కలిపి అడగండి. సగం ప్రశ్నలకు కాదనాల్సి వచ్చేలా చూసుకోండి, వరుసగా రానీయకండి. మన తల ఊపు అవునో కాదో ఒక్కోసారి మనకే తెలియదు. అందుకని ముందే ఒప్పందం చేసుకోవాలి. అవునంటే బొటనవేలు పైకి, కాదంటే అరచెయ్యి ఆడించడం.

ఒకటి చూసుకోండి. చెప్పిన పని చేయలేదంటే అర్థం కాలేదనే కాదు. చేతిని ఎలా కదపాలో మరిచిపోయే అప్రాక్సియా కూడా ఎడమ మెదడు దెబ్బలోనే వస్తుంది. పని చేయలేక అవును-కాదు ప్రశ్నల్లో బాగా చెబితే లోపం చేతిని కదపడంలోనే, అర్థం చేసుకోవడంలో కాదు.

“ఒక్కో మాటే వస్తోంది, అదీ కష్టపడి”

1861లో పారిస్‌లో వైద్యుడు పియర్ బ్రోకా చూసిన రోగికి “టాన్” అన్న శబ్దం తప్ప దాదాపు ఏమీ రాదు. ఎదుటివాళ్ళు చెప్పింది మాత్రం చాలావరకు తెలిసేది. ఎడమ మెదడు ముందుభాగంలో దెబ్బతగిలితే వచ్చే ఈ రకంలో మాట వెనక ఎంత శ్రమ ఉందో ముఖంలోనే కనబడుతుంది.

తెలుగువాళ్ళను పరీక్షించేటప్పుడు ఇంగ్లీషు పుస్తకాల్లో చెప్పినట్టు ఊపిరికి ఎన్ని మాటలు వచ్చాయో లెక్కపెడితే దారి తప్పుతాం. “వచ్చా”, “తిన్నాం”, “వెళ్ళొద్దామా” అన్నవి మనకు నిండు వాక్యాలు. కర్త లేకపోవడం మన భాషలో లోపం కాదు. చూడాల్సింది ప్రత్యయాలు, క్రియల చివర్లు. “కొడుకు... ఆటో... ఆసుపత్రి” అని ఆగిపోతే, ‘ఆటోలో’, ‘ఆసుపత్రికి’, ‘తీసుకొచ్చాడు’ అన్నవి రాకపోతే అది గుర్తు. రెండు నిమిషాలు మాట్లాడించి ఉన్నదున్నట్టు రాసుకోండి. ఉప్మా ఎలా చేస్తారు, నాట్లు ఎలా వేస్తారు, ఆ మనిషి బతుకులో ఏది ఉంటే అది అడగండి. పక్షవాతం తీవ్రతను కొలిచే స్ట్రోక్ స్కేల్‌తో వచ్చే బొమ్మలో సింకు ముందు నిలబడ్డ అమ్మ, స్టూలెక్కి బిస్కెట్లు దొంగిలించే పిల్లాడు ఉంటారు. ఆ వంటిల్లు మన ముసలమ్మలకు కొత్త.

ఒకటి నుంచి పది, వారాల పేర్లు, దేవుడి శ్లోకం, పాట, తిట్టు ఇవన్నీ మాట పోయినవాళ్ళకు కూడా రావచ్చు. “పాట పాడుతున్నాడు, మాట్లాడమంటే మాట్లాడడు, కావాలనే చేస్తున్నాడు” అని ఇంటివాళ్ళు కోప్పడుతుంటే ఆపాలి. అలవాటైన పాట, కొత్తగా కూర్చుకునే మాట మెదడులో ఒకే దారిన నడవవు.

“పేర్లు తట్టడం లేదు”

అన్ని రకాల అఫేసియాలోనూ ఉండే లక్షణం ఇదే. తలకు దెబ్బ తగిలినవాళ్ళలో ఇదొక్కటే మిగలడం కూడా తరచు చూస్తాం. వాచీ, పెన్ను అందరూ చెప్పేస్తారు. వాచీ బెల్టు, ముల్లు, చొక్కా గుండీ, మోచెయ్యి, మడమ, కనుబొమ్మ అడిగితేనే చిన్న లోపం బయటపడుతుంది. రాకపోతే మొదటి అక్షరం అందించండి. “మ...” అనగానే “మడమ” అంటే మాట ఉంది, తలుపే తెరుచుకోవడం లేదు. చూపించి అడిగితే రాక, చేతికిచ్చి తడమనిస్తే చెబితే కంటి సంగతి చూడాలి. సొరకాయ అన్నా ఆనపకాయ అన్నా సరే, తాళంచెవిని బీగంచెవి అన్నా సరే, తప్పు వేయొద్దు. మీ మాట కాదు, వాళ్ళ ఊరి మాట కావాలి.

తిరిగి చెప్పించడం

చిన్న పరీక్ష, వదిలేయొద్దు. “ఇల్లు”, “గడియారం”, “రేపు పొద్దున మా పెద్దన్నయ్య బస్సులో ఊరికి వెళ్తాడు” అని పెంచుకుంటూ పోండి. ఇంగ్లీషు పుస్తకాల్లో తిరిగి చెప్పించడానికి ఇచ్చే వాక్యాన్ని తెలుగు చేసి అడగడం వల్ల ఉపయోగం లేదు, దానిలోని కష్టం ఆ భాషదే. సొంత మాట బాగానే ఉండి, అర్థమూ అవుతూ, తిరిగి చెప్పడంలోనే “గడిరాయం... గరియాడం...” అని తడుముకుంటే కండక్షన్ అఫేసియా. సొంతంగా మాట రాక, తిరిగి మాత్రం చక్కగా చెబితే ట్రాన్స్‌కార్టికల్ రకం. మాట, అర్థం, తిరిగి చెప్పడం మూడూ పోతే గ్లోబల్ అఫేసియా.

ముందు ప్రశ్నకు చెప్పిన “తాళంచెవి” అన్న జవాబే తర్వాతి వాటన్నిటికీ వస్తుంటే ఆపేయండి. కాసేపు వేరే మాట మాట్లాడి మళ్ళీ అడగండి. సాయంత్రానికి అలిసిపోయే మనిషిని పొద్దున పరీక్షించాలి.

రెండు మూడు భాషలున్న పేషెంట్

హైదరాబాద్‌లో ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే మనుషులు ఎంతోమంది. దెబ్బ తర్వాత అన్ని భాషలూ ఒకేలా దెబ్బతినకపోవచ్చు. తెలుగులో అడిగి “అర్థం కాలేదు” అని రాసేముందు ఇంటి భాష వచ్చిన సిస్టర్‌నో బంధువునో పిలిచి ఆ భాషలోనూ అడగండి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 608 మంది స్ట్రోక్ పేషెంట్లను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. స్ట్రోక్ తర్వాత జ్ఞాపకం, ఆలోచన మామూలుగా ఉన్నవాళ్ళు ఒకే భాష వచ్చినవాళ్ళలో 19.6 శాతమైతే, రెండు భాషలు వచ్చినవాళ్ళలో 40.5 శాతం. అఫేసియా మాత్రం ఇద్దరిలోనూ దాదాపు సమానం, 11.8, 10.5 శాతం. అంటే ఎన్ని భాషలొచ్చినా భాషను పరీక్షించకుండా వదలకూడదు.

కేస్ షీటులో ఏం రాయాలి

“అఫేసియా ఉంది” అని రాస్తే ఎవరికీ పనికిరాదు. మాట ధార, అర్థం చేసుకోవడం, తిరిగి చెప్పడం, పేర్లు, చదవడం, రాయడం ఆరింటికీ ఒక్కో వాక్యం రాయండి. ఏ భాషలో అడిగారో, పదికి ఎన్ని సరిగ్గా చెప్పారో, పేషెంట్ అన్న రెండు మాటలు ఉన్నవి ఉన్నట్టుగా రాయండి. రెండు మూడు రోజులకు మళ్ళీ పరీక్షించాలి, మొదటి వారాల్లో పరిస్థితి త్వరగా మారుతుంది. స్పీచ్ థెరపిస్ట్‌కు వెంటనే పంపాలి. దగ్గర్లో లేకపోతే సికింద్రాబాద్‌లో మాట, వినికిడి లోపాలను చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉందని డిశ్చార్జి కాగితంలో రాయండి.

ఆపరేషన్ అంగీకార పత్రం, బ్యాంకు కాగితం, పొలం దస్తావేజు ఏదైనా సరే, అవును-కాదు ప్రశ్నల్లో నిలకడ లేని మనిషి చేత వేలిముద్ర వేయించడానికి వార్డులో ఎవరూ సాయపడకూడదు. అలాగే మాట రాని మనిషికి అర్థం కూడా కాదనుకుని, మంచం పక్కనే నిలబడి ఆస్తి పంపకాలూ ఆయుష్షూ మాట్లాడుకునే బంధువులను బయటికి పంపించండి.