రేసింగ్ సిమ్యులేషన్ గేముల్లో కారు సెటప్‌ను ఎలా సరిచేసుకోవాలి?

అసెట్టో కోర్సా కాంపెటిజియోనె, ఐరేసింగ్, ఆర్‌ఫ్యాక్టర్ 2, ఆటోమొబిలిస్టా 2 వంటి సిమ్యులేటర్లలో సెటప్ పేజీ తెరవగానే పదుల కొద్దీ అమరికలు ఒక్కసారిగా ఎదురై, ఎక్కడ చేయి పెట్టాలో తోచనివ్వవు. అప్పుడు చాలామంది వేగంగా నడిపేవారెవరో పంచిన సెటప్‌ను తెచ్చి పెట్టుకుంటారు, లేదా కనబడిన ప్రతి అంకెనూ కాస్త అటూ ఇటూ జరిపి ల్యాప్ టైమ్ తగ్గిందా అని చూస్తారు. రెండింటిలోనూ ఇబ్బంది ఒకటే: టైమ్ మారినా అది ఎందుకు మారిందో తెలియదు. కారు ఏ మలుపులో, ఆ మలుపులోనూ ఏ దశలో మాట వినడం లేదో చెప్పగలిగినప్పుడే ఏ అమరికను ముట్టుకోవాలో తెలుస్తుంది. కింది పద్ధతి అంతా ఆ ప్రశ్నకు జవాబు రాబట్టడానికి ఉద్దేశించినదే. ఉదాహరణలకు జీటీ3 కార్లను (రోడ్డు స్పోర్ట్స్ కార్ల ఆధారంగా చేసిన రేసు కార్ల తరగతి), ఇటలీలోని 5.793 కిలోమీటర్ల మోంజా ట్రాక్‌ను తీసుకున్నాను.

ముందుగా కదలకుండా ఉంచవలసినవి

సెటప్ జోలికి వెళ్లే ముందు స్టీరింగ్, పెడల్స్ సరిగ్గా క్యాలిబ్రేట్ అయ్యాయో లేదో చూసుకోవాలి. స్టీరింగ్ తిరిగే డిగ్రీలు గేములోని కారుకు సరిపోకపోయినా, బ్రేక్ పెడల్‌ను పూర్తిగా తొక్కినప్పుడు గేము నూరు శాతం చూపకపోయినా, ఆ లోపాన్ని ఏ స్ప్రింగూ తీర్చలేదు. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌ను, అంటే స్టీరింగ్ చేతికి తెలియజేసే బలాన్ని, మరీ ఎక్కువగా పెట్టుకుంటే సంకేతం గరిష్ఠ స్థాయిని తాకి అక్కడే ఆగిపోతుంది. దీనినే క్లిప్పింగ్ అంటారు. ఆ స్థితిలో ముందు టైర్ల మీద ఒత్తిడి ఇంకా పెరిగినా, తగ్గినా చేతికి తేడా తెలియదు కాబట్టి కారు గురించి మీరు చేసుకునే నిర్ధారణే తప్పుతుంది.

తరువాత గేము ఇచ్చిన సెటప్‌ను మార్చకుండా, ఒకే వాతావరణంలో, ఒకే ఇంధన పరిమాణంతో వరుసగా ఎనిమిది పది ల్యాప్‌లు నడపాలి. పెట్రోలు లీటరుకు సుమారు 0.75 కిలోల బరువు ఉంటుంది కాబట్టి, 20 లీటర్లతో పరీక్షించిన కారులో రేసు కోసం 80 లీటర్లు పోస్తే అది 45 కిలోలు అదనంగా మోయవలసి వస్తుంది. అంత తేడాతో నడిపిన ల్యాప్‌లను పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు. మీ ల్యాప్‌లు ఒకదానికొకటి అర సెకను తేడాలో ఉంటే తప్ప సెటప్ మార్పు చూపే ప్రభావం బయటపడదు, ఎందుకంటే ఒక మెట్టు మార్పుతో వచ్చే లాభం సాధారణంగా సెకనులో ఒకటి రెండు పదో వంతులే. ల్యాప్ ల్యాప్‌కూ బ్రేక్ వేసే చోటు మారుతుండగా కారును తప్పుపట్టడం ఆడలేక మద్దెల ఓడన్నట్టే అవుతుంది.

మొదటి పని: టైర్లలో గాలి

కారుకు, రోడ్డుకు మధ్య ఉన్న ఏకైక సంబంధం టైరు. అది తన సరైన స్థితిలో లేనప్పుడు స్ప్రింగుల గురించి తెలుసుకున్నదంతా రేపు గాలి సరిచేయగానే చెల్లకుండా పోతుంది. అందుకే ఈ పనిని వాయిదా వేయకూడదు.

సెటప్ పేజీలో మీరు పెట్టేది చల్లని టైరు పీడనం. లెక్కలోకి వచ్చేది మాత్రం నాలుగైదు ల్యాప్‌ల తరువాత, టైరు వేడెక్కి నిలకడకు వచ్చినప్పటి పీడనం. అసెట్టో కోర్సా కాంపెటిజియోనెలో, 2023లో వచ్చిన 1.9 వెర్షన్ తరువాత, జీటీ3 పొడి టైర్లకు 26 నుంచి 27 పీఎస్‌ఐ (టైరు పీడనం కొలిచే ప్రమాణం) మధ్య వేడి పీడనం అనువుగా ఉంటుంది. అంతకుముందు రాసిన సెటప్‌లలో 27.5 ప్రాంతపు అంకెలు కనబడతాయి కాబట్టి, పాత సెటప్ ఫైలును ఎక్కడినుంచి తెచ్చుకున్నా మొదట ఇది సరిచూసుకోవడం మంచిది.

నాలుగు టైర్లలోనూ 23.5 పీఎస్‌ఐ పెట్టి మోంజాలో బయలుదేరారనుకుందాం. ఐదో ల్యాప్‌లో ముందు ఎడమ టైరు 27.1, ముందు కుడి 26.4, వెనక ఎడమ 27.0, వెనక కుడి 26.3 చూపిస్తున్నాయి. ఈ ట్రాక్ సవ్యదిశలో తిరుగుతుంది, లెస్మో మలుపులూ పొడవైన పారాబోలికా కూడా కుడివైపువే కావడంతో బరువంతా ఎడమ టైర్ల మీద పడి అవి ఎక్కువ వేడెక్కుతాయి. లక్ష్యం 26.5 అయితే ముందు ఎడమ టైరుకు 0.6 తగ్గించి 22.9, ముందు కుడికి 0.1 పెంచి 23.6, వెనక ఎడమకు 0.5 తగ్గించి 23.0, వెనక కుడికి 0.2 పెంచి 23.7 పెట్టాలి. మళ్లీ ఐదు ల్యాప్‌లు నడిపితే నాలుగూ దాదాపు ఒకే అంకెకు చేరతాయి. ఒకటి రెండు దశాంశాలు మిగిలితే ఇదే లెక్క మరోసారి చేయాలి. గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే పీడనం సుమారు 0.1 పీఎస్‌ఐ మారుతుందని గుర్తుంచుకుంటే, మధ్యాహ్నం 24 డిగ్రీల వద్ద సిద్ధం చేసిన కారును సాయంత్రం 18 డిగ్రీల రేసుకు తీసుకెళ్లేటప్పుడు ప్రతి టైరుకూ 0.6 కలుపుకోవచ్చు.

గేములన్నీ ఒకే తీరుగా ఉండవు. గ్రాన్ టురిస్మో 7లో టైరు గాలి మార్చే వీలే లేదు, అక్కడ స్ప్రింగ్ గట్టిదనాన్ని కూడా హెర్ట్జ్‌లలో చూపిస్తారు. అలాంటి చోట ఈ దశను దాటి నేరుగా తరువాతి దానికి వెళ్లండి.

క్యాంబర్, టో

చక్రం పైభాగం కారు లోపలికి వంగి ఉంటే దానిని నెగెటివ్ క్యాంబర్ అంటారు. మలుపులో కారు పక్కకు ఒరిగినప్పుడు బయటివైపు టైరు నేలకు పూర్తిగా ఆనడానికి ఇది అవసరం. ఎంత ఉండాలన్నది టైరు వెడల్పులోని మూడు చోట్ల ఉష్ణోగ్రతలే చెబుతాయి. లోపలి అంచు బయటి అంచు కంటే ఏడెనిమిది డిగ్రీలు వేడిగా ఉంటే ఫరవాలేదు; తేడా పదిహేను దాటితే క్యాంబర్ ఎక్కువైందని, బయటి అంచే వేడిగా ఉంటే చాలలేదని అర్థం. మధ్యభాగం రెండు అంచుల కంటే వేడెక్కితే తప్పు క్యాంబర్‌ది కాదు, గాలి ఎక్కువైంది. క్యాంబర్ పెంచిన కొద్దీ నేరుగా బ్రేక్ వేసేటప్పుడు నేలకు ఆనే రబ్బరు తగ్గుతుందన్న సంగతిని మరిచిపోయి, గరిష్ఠానికి నెట్టి వదిలేసేవారు చాలామంది ఉన్నారు. కొన్ని గేముల టైరు నమూనా అందుకు శిక్ష వేయదు కూడా. కానీ వాస్తవికత కోసమే సిమ్యులేటర్ ఆడేవారికి ఆ లొసుగు మీద కట్టిన సెటప్ వల్ల నేర్చుకోగలిగేది ఏమీ లేదు.

పైనుంచి చూసినప్పుడు చక్రాల ముందు అంచులు బయటికి తిరిగి ఉంటే టో అవుట్, లోపలికి తిరిగి ఉంటే టో ఇన్ అంటారు. ముందు చక్రాలకు కొంచెం టో అవుట్ ఇస్తే కారు మలుపులోకి చురుగ్గా తిరుగుతుంది. వెనక చక్రాలకు టో ఇన్ ఇస్తే వెనక భాగం స్థిరంగా ఉంటుంది. రెండూ నేరు దారిలో టైరును రాపిడికి గురిచేస్తాయి కాబట్టి పొదుపుగా వాడాలి.

మలుపును మూడు దశలుగా చూడటం

ఇక్కడినుంచి అసలు పని మొదలవుతుంది. ప్రతి మలుపులోనూ బ్రేక్ మీద లోపలికి దిగే దశ, బ్రేకూ యాక్సిలరేటరూ లేకుండా లేదా చాలా తక్కువగా ఉండే మధ్య దశ, యాక్సిలరేటర్ తొక్కుతూ బయటపడే దశ అని మూడు ఉంటాయి. ముందు టైర్లు పట్టు కోల్పోయి కారు తిప్పినంత తిరగకపోవడం అండర్‌స్టీర్, వెనక టైర్లు జారి కారు తిప్పిన దానికంటే ఎక్కువ తిరగడం ఓవర్‌స్టీర్. పైకి ఒకేలా కనబడే ఓవర్‌స్టీర్ మొదటి దశలో వస్తే ఒక మందు, మూడో దశలో వస్తే మరో మందు.

మోంజాలో పిట్ స్ట్రెయిట్ చివర గంటకు 260 కిలోమీటర్లు దాటిన వేగం నుంచి మొదటి షికేన్ (వేగం తగ్గించడానికి వెంటవెంటనే ఎదురుగా పెట్టిన మలుపులు) కోసం గట్టిగా బ్రేక్ వేస్తారు. బ్రేక్‌ను నెమ్మదిగా వదులుతూ కుడివైపు తిప్పుతుండగా వెనక భాగం బయటికి జారిందనుకుందాం. అది జారిన క్షణంలో మీ కాలు ఇంకా బ్రేక్ మీద ఉందా? ఉంటే బ్రేక్ బయాస్‌ను (ముందు, వెనక బ్రేకుల మధ్య బలం పంపకాన్ని) ముందుకు, అంటే 56 శాతం ఉన్నదాన్ని 57కు జరిపి చూడాలి. వెనక చక్రాలు చేసే పని తగ్గి అవి పక్క పట్టును నిలుపుకుంటాయి. బ్రేక్ పూర్తిగా వదిలేశాకే జారుతుంటే బయాస్‌ను ఎంత మార్చినా ఫలితం ఉండదు. అప్పుడు రెండు వెనక చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌కు ముందే ఉండే బిగువును, అంటే ప్రీలోడ్‌ను, పెంచి రెండు వెనక చక్రాలను మరికాస్త కలిపి తిరిగేలా చేయాలి, లేదా వెనక టో ఇన్ ఒక మెట్టు పెంచాలి. ఈ తేడా నడుపుతున్నప్పుడు తెలియకపోవచ్చు. రీప్లేలో పెడల్ సూచికలను చూస్తే, లేదా టెలిమెట్రీలో (కారు నమోదు చేసిన గణాంకాల గ్రాఫుల్లో) బ్రేక్ గీత, స్టీరింగ్ గీత ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే ఇట్టే తెలుస్తుంది. అసెట్టో కోర్సా కాంపెటిజియోనె టెలిమెట్రీని మోటెక్ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో తెరవగల ఫైళ్లుగా భద్రపరుస్తుంది. అందుకు సెటప్‌లోని ఎలక్ట్రానిక్స్ పేజీలో టెలిమెట్రీ ల్యాప్‌ల సంఖ్యను ముందే పెట్టుకోవాలి.

మధ్య దశలోని లోపాలకు యాంటీ రోల్ బార్ (ఎడమ, కుడి చక్రాలను కలిపి కారు పక్కకు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) చేతికందే పనిముట్టు. ముందు బార్‌ను మెత్తబరిస్తే ముందు పట్టు పెరిగి అండర్‌స్టీర్ తగ్గుతుంది, వెనక బార్‌ను మెత్తబరిస్తే ఓవర్‌స్టీర్ తగ్గుతుంది. ఎక్కడ పట్టు కావాలో అక్కడ మెత్తబరచడం, అది చాలకపోతే రెండో వైపు గట్టిపరచడం అనే సూత్రం స్ప్రింగులకు కూడా చాలావరకు వర్తిస్తుంది. అయితే స్ప్రింగ్ మార్చినప్పుడు బ్రేక్ వేసినా, యాక్సిలరేటర్ తొక్కినా కారు ముందుకు వెనక్కు ఊగే తీరు కూడా మారిపోతుంది కాబట్టి, బార్‌తో తీరే సమస్యకు స్ప్రింగుల దాకా వెళ్లకపోవడమే మేలు. మలుపు మధ్యలో పట్టు ఉన్నట్టుండి తెగిపోతే సస్పెన్షన్ బంప్‌స్టాప్ (అది పూర్తిగా కుంగకుండా ఆపే దిమ్మ) మీదికి వచ్చి కూర్చుందేమో చూడాలి; ఆ క్షణంలో స్ప్రింగ్ ఒక్కసారిగా ఎన్నో రెట్లు గట్టిపడినట్టు ప్రవర్తిస్తుంది.

బయటపడే దశలో వెనక చక్రాలు జారుతుంటే వెనక స్ప్రింగ్‌ను మెత్తబరచడం, ట్రాక్షన్ కంట్రోల్‌ను (చక్రాలు జారకుండా ఇంజన్ శక్తిని తగ్గించే వ్యవస్థను) ఒక మెట్టు పెంచడం పనిచేస్తాయి. ముందు భాగం బయటికి తోసుకుపోతుంటే, యాక్సిలరేటర్ తొక్కగానే బరువు వెనక్కు వెళ్లి ముందు చక్రాలు తేలికపడుతున్నాయన్నమాట. వెనక స్ప్రింగ్ ఒక మెట్టు గట్టిపరచి చూడండి. యాక్సిలరేటర్‌ను తొందరపడి తొక్కుతున్నారేమో కూడా చూసుకోవాలి, చాలాసార్లు కారణం అదే.

నెమ్మది మలుపు, వేగం మలుపు

గాలి కారును కిందికి నొక్కే డౌన్‌ఫోర్స్ వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది: గంటకు 100 కిలోమీటర్ల వద్ద ఉన్నదానికి 200 వద్ద నాలుగు రెట్లు ఉంటుంది. కాబట్టి మోంజా షికేన్లలో కనబడే లోపాన్ని వింగ్‌తో తీర్చబోవడం వృథా; పారాబోలికాలో మాత్రమే కనబడేదానికి వెనక వింగ్, ముందు బంపరు కింది పలక అయిన స్ప్లిటర్, కారు నేలనుంచి ఉండే ఎత్తు అయిన రైడ్ హైట్ వైపు చూడాలి. వెనక ఎత్తును కొద్దిగా పెంచితే డౌన్‌ఫోర్స్ ముందుకు జరిగి కారు చురుగ్గా తిరుగుతుంది, తగ్గిస్తే స్థిరపడుతుంది. పొడవైన నేరు దారులున్న మోంజాలో తక్కువ వింగ్, 3.337 కిలోమీటర్ల ఇరుకైన మొనాకోలో ఎక్కువ వింగ్ అన్నది తెలిసినదే. రెండు రకాలూ ఉన్న 7.004 కిలోమీటర్ల స్పా వంటి చోట్ల మాత్రం కొత్తవారు కాస్త ఎక్కువ వింగ్ వైపే మొగ్గడం మంచిది. నేరు దారిలో పోయే కాస్త సమయం కంటే అక్కడి ఓ రూజ్ అనే వేగ మలుపు దగ్గర ధైర్యంగా యాక్సిలరేటర్ తొక్కలేక పోయేదే ఎక్కువ.

డ్యాంపర్లు, గేర్లు

స్ప్రింగుల ఊపును అదుపుచేసే డ్యాంపర్లను చివరికి వదిలేయమంటాను. వాటిలో నెమ్మది విభాగం బ్రేక్, స్టీరింగ్ వల్ల కారు ఊగే వేగాన్ని, వేగ విభాగం కెర్బులు (ట్రాక్ అంచున ఎత్తుగా ఉండే గట్లు), గతుకుల దెబ్బను అదుపుచేస్తాయి. కెర్బు ఎక్కగానే కారు ఎగిరిపడుతుంటే వేగ విభాగపు బంప్‌ను (కుంగేటప్పుడు ఇచ్చే ప్రతిఘటనను) తగ్గించండి. బ్రేక్ వేయగానే ముందు భాగం మరీ త్వరగా కుంగుతుంటే ముందు నెమ్మది బంప్‌ను పెంచండి. అంతకు మించి వెళ్లడానికి టెలిమెట్రీ చదవడం బాగా అలవాటు కావాలి. జీటీ3లో గేర్ నిష్పత్తులు మార్చడానికి ఉండవు. మార్చే వీలున్న కార్లలో అతి పొడవైన నేరు దారి చివర ఆఖరి గేరులో ఇంజన్ గరిష్ఠ ఆర్‌పీఎమ్‌కు కొంచెం లోపు ఉండేలా చూస్తే చాలు.

ఒకసారి ఒకే మార్పు చేసి, నాలుగైదు ల్యాప్‌లు నడిపి, ఏ మలుపులో ఏ దశ మారిందో ఒక కాగితం మీద రాసుకోవాలి. మార్పు ప్రభావం తెలియనప్పుడు మెట్టును పెద్దది చేసి, బార్‌ను ఒక చివరినుంచి మరో చివరికి జరిపి చూసినా తప్పు లేదు. అలా చూసినప్పుడే ఆ అమరిక ఏం చేస్తుందో చేతికి తెలుస్తుంది. మేలు జరగకపోతే పాత అంకెకు తిరిగి రావాలి. ఇంకొక మార్పుతో దానిని సర్దబోతే రెండు తప్పులూ కలిసి గుర్తుపట్టరానివి అవుతాయి.

రేసు సెటప్‌ను పూర్తి ఇంధనంతో, రేసు నడిచే వేళకు ఉండే ఉష్ణోగ్రతలో మళ్లీ పరీక్షించాలి. క్వాలిఫయింగ్‌లో (రేసులో బయలుదేరే స్థానాన్ని నిర్ణయించే పరుగులో) ఒక ల్యాప్‌కు బాగున్న చురుకైన కారు, వెనక టైర్లు అరిగిన ఇరవయ్యో ల్యాప్‌లో చేతికి చిక్కదు. అందుకే రేసుకు కాస్త అండర్‌స్టీర్ వైపు వదిలిపెట్టడం మేలు. తడి ట్రాక్‌కు వేరే ఫైలు ఉంచుకుని, అందులో వింగ్, రైడ్ హైట్ పెంచి, రోల్ బార్లు మెత్తబరచి, తడి టైర్లకు 30 పీఎస్‌ఐ ప్రాంతంలో వేడి పీడనం వచ్చేలా గాలి పెట్టి, ఫైలు పేరులోనే ట్రాక్, ఉష్ణోగ్రత, ఇంధనం, గేము వెర్షన్ రాసి భద్రపరచండి.