మీ చెవికి నచ్చే ఇన్-ఇయర్ మానిటర్‌ను ఎంచుకోవడం ఎలా?

ఒగ్గు డోలు మోగినప్పుడు ఛాతీకి తగిలే బరువు ఒకటి, దెబ్బ పడిన చోట పుట్టే చురుకు ఒకటి. కొన్ని ఇన్-ఇయర్ మానిటర్లు, అంటే చెవి నాళంలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు, ఆ బరువును ముందుకు తెస్తాయి, కొన్ని చురుకును. ఈ మోతాదుల పొందికనే సౌండ్ సిగ్నేచర్ అంటారు. ఏది కొనాలని వరంగల్‌లో మిత్రులు అడిగితే, మీకు ఏ ధ్వని ఇష్టమని నేను తిరిగి అడుగుతాను. ధర, డ్రైవర్ల (లోపల ధ్వనిని పుట్టించే చిన్న స్పీకర్ల) సంఖ్య ఆ తరువాతి సంగతి. ఒకే డ్రైవరుతో చక్కగా పలికేవి ఉన్నాయి, ఐదారు డ్రైవర్లు ఉండి కూడా గొంతును సహజంగా వినిపించలేనివీ ఉన్నాయి.

ముందుగా టిప్ సరిచూసుకోండి

చెవి నాళానికీ, మానిటర్ కొనకు తొడిగే సిలికాన్ టిప్‌కూ మధ్య సందు ఉంటే బేస్, అంటే లోతైన ధ్వని, బయటికి పోతుంది. అప్పుడు ఎంత మంచి మానిటరైనా పలచగా, రేకు డబ్బాలా మోగుతుంది. డబ్బాలో వచ్చిన అన్ని సైజులూ పెట్టి చూడండి. రెండు చెవులకు వేర్వేరు సైజులు పట్టవచ్చు. పెట్టుకోగానే బయటి చప్పుడు తగ్గితే సరిపోయినట్లే.

తెలిసిన పాటలతో పరీక్షించండి

మనిషి చెవి వినగలిగే పరిధి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని కంపనాలు అని చెప్పే కొలత). 250 వరకు బేస్, అక్కడి నుంచి 4,000 దాకా మిడ్స్, ఆపైన ట్రెబుల్ అని స్థూలంగా అనుకోవచ్చు. కొత్త పాటలతో పరీక్ష పెట్టకండి. కంఠతా వచ్చిన రికార్డింగులు మూడు చాలు.

మొదటిది ఒగ్గు డోలు. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య విరామం వినిపిస్తోందా, లేక అంతా కలిసి ఒకే హోరుగా ఉందా? హోరుగా ఉంటే బేస్ పొంగి మిడ్స్ మీద పడుతున్నట్లు.

రెండోది ఆడవాళ్లు గుంపుగా పాడిన బతుకమ్మ పాట. నా దృష్టిలో దీన్ని మించిన పరీక్ష లేదు. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావారు అందుకుంటారు. ఎత్తుకున్న గొంతు విడిగా తెలియాలి, అందుకున్న గొంతులు ముద్ద కాకూడదు. చప్పట్లు చప్పట్లలాగే ఉండాలి. గొంతులు వెనక్కి వెళ్లి చప్పట్లే మిగిలితే మిడ్స్ తగ్గాయని అర్థం. మూడోది వాద్యాలు తక్కువగా ఉన్న ఒంటరి గొంతు. స, శ, ష అక్షరాలు చెవిని గుచ్చుతుంటే 5,000 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్య మోతాదు ఎక్కువైనట్లు.

కొనే ముందే ఈక్వలైజర్‌తో తేల్చుకోండి

ఇప్పుడున్న ఇయర్‌ఫోన్లతోనే పైసా ఖర్చు లేకుండా మీ ఇష్టం తెలుసుకోవచ్చు. బేస్, మిడ్స్, ట్రెబుల్ మోతాదులను మార్చే ఈక్వలైజర్‌లో, అది ఫోనులోనే ఉంటుంది, 60 హెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్స్ పెంచి కొద్దిరోజులు వినండి. తరువాత అది తీసేసి 3,000 దగ్గర, ఆపైన 10,000 దగ్గర అలాగే చేయండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. తీసేసిన రోజు ఏది లేక వెలితిగా అనిపించిందో అదే మీ రుచి. ఒక జాగ్రత్త అవసరం: పెంచినప్పుడల్లా మొత్తం వాల్యూమ్ కాస్త తగ్గించండి. కొంచెం బిగ్గరగా మోగేది మన చెవికి మెరుగ్గా తోస్తుంది. మిత్రుడి మానిటర్‌తో మీదాన్ని పోల్చేటప్పుడూ ఇదే నియమం.

బేస్ మాత్రమే కావాలనిపిస్తే వెచ్చని, అంటే వార్మ్ రకం మీది. బేస్, ట్రెబుల్ రెండూ కావాలంటే వి-షేప్. ఇది సినిమా పాటలకు హుషారునిస్తుంది, గొంతును మాత్రం కొంత వెనక్కి నెడుతుంది. వివరం, తళుకు కావాలంటే బ్రైట్. ఏదీ వెలితి అనిపించకపోతే న్యూట్రల్. ఎక్కువమంది శ్రోతలకు నచ్చేది ఏమిటని పరిశోధించి రూపొందించిన హార్మన్ టార్గెట్ అనే కొలమానం కూడా ఉంది. దానికి దగ్గరగా ఉన్నవి తొలిసారి కొనేవారికి సురక్షితం.

ఎక్కడ వింటారో కూడా లెక్కే

కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్తూ వినేవారికి చక్రాల హోరు బేస్‌ను మింగేస్తుంది. ఇంట్లో నిండుగా ఉన్న న్యూట్రల్ మానిటర్ అక్కడ పలచబడుతుంది. అలాంటివారు బేస్ కాస్త ఎక్కువున్నది తీసుకోవడం మంచిది. అంతేగాని హోరును గెలవాలని వాల్యూమ్ పెంచకూడదు. పెద్దలకు 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రాత్రిపూట నెమ్మదిగా వినేవారికీ కొంచెం బేస్ అవసరమే. వాల్యూమ్ తగ్గేకొద్దీ చెవికి బేస్ ధ్వనులు మిగతావాటికంటే వేగంగా తగ్గిపోతాయని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే చూపించారు.

గ్రాఫ్ చదవడం నేర్చుకోండి

విని కొనే దుకాణం దగ్గరలో లేకపోతే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గ్రాఫే ఆధారం. అడ్డంగా హెర్ట్జ్, నిలువుగా డెసిబెల్స్. గీత చదునుగా ఉండాలని ఆశించకండి. తెరిచి ఉన్న చెవి నాళం 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ధ్వనిని సహజంగానే పెంచుతుంది. మానిటర్ ఆ నాళాన్ని మూసేస్తుంది కాబట్టి, ఆ మూపురం గ్రాఫ్‌లో ఉంటేనే గొంతు సహజంగా వినిపిస్తుంది. 8,000 దగ్గర కనిపించే నిటారు శిఖరాన్ని చూసి భయపడకండి, చాలాసార్లు అది కొలిచే పరికరం వల్ల వచ్చేదే. రెండు మానిటర్లను పోల్చాలంటే ఒకే పరికరంపై కొలిచిన గ్రాఫ్‌లనే తీసుకోండి.

మీరు ఇప్పటికే వింటున్న ఇయర్‌ఫోన్ల గ్రాఫ్ దొరికితే దాన్నే ప్రమాణంగా పెట్టుకుని, ఈక్వలైజర్‌లో తేలిన మార్పు ఏ మానిటర్‌లో ఉందో వెతకండి. చెవిలో పెట్టుకునే వస్తువులను తెరిచాక చాలామంది అమ్మకందారులు వెనక్కి తీసుకోరు, ఆ షరతు ముందే చదవండి. వైరు విడదీయగలిగే రకమైతే, అది తెగినా మానిటర్ మిగులుతుంది. కొన్నాక ట్రెబుల్ కొద్దిగా ఎక్కువనిపిస్తే వెంటనే అమ్మేయకుండా ఫోమ్ టిప్స్ వేసి చూడండి, అవి ఆ పదునును కొంత తగ్గిస్తాయి.