అమెరికాలో కాథలిక్ ప్రెప్ హైస్కూలు: తొమ్మిదిలో చేరే పిల్లల తల్లిదండ్రులకు

శాన్‌హోసే బెల్లార్మిన్, డల్లాస్ జెస్యూట్ లాంటి బడుల పేర్లలో ‘కాలేజ్ ప్రిపరేటరీ’ అని చూసి మన ఇంటర్ కోచింగ్ లాంటిదేదో అనుకుంటారు కొత్తగా వెళ్లినవాళ్లు. కాదు. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) లాగా ఒక్క పరీక్షతో తేలిపోయే వ్యవహారం కాదిది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ప్రతి సెమిస్టర్ గ్రేడూ ట్రాన్‌స్క్రిప్ట్‌లో పడి కాలేజీలకు వెళ్తుంది. అందులో థియాలజీ, అంటే మతం క్లాసు గ్రేడు కూడా ఉంటుంది. మన పిల్లలు తేలిగ్గా తీసుకుని దెబ్బతినేది ఎక్కువగా అక్కడే.

ప్రవేశ పరీక్ష, లెక్కల వరుస

ఎనిమిదో తరగతి చలికాలంలో పరీక్ష ఉంటుంది. చాలా బడులు హెచ్‌ఎస్‌పీటీ (హైస్కూల్ ప్లేస్‌మెంట్ టెస్ట్) పెడతాయి: 5 విభాగాలు, 298 ప్రశ్నలు, రెండున్నర గంటలకు కాస్త తక్కువ సమయం. వెర్బల్ విభాగంలో 60 ప్రశ్నలకు 16 నిమిషాలే. తప్పు జవాబుకు కోత లేదు కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు. ప్రతి జవాబునూ రెండుసార్లు సరిచూసుకునే అలవాటున్న పిల్లలే ఇందులో వెనకబడతారు. పాత ప్రశ్నలు ఎన్ని చేశారన్నది పక్కనపెట్టి, గడియారం ఎదురుగా పెట్టి నాలుగైదు పూర్తి పరీక్షలు రాయించండి.

సీటు వచ్చాక లెక్కలకు ప్లేస్‌మెంట్ పరీక్ష పెడతారు. మామూలు వరుస ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్. పన్నెండులో ఏపీ కాలిక్యులస్ చదవాలంటే తొమ్మిదిలో జామెట్రీతో మొదలవ్వాలి, లేదా మధ్యలో ఒక వేసవిలో ఒక కోర్సు పూర్తిచేయాలి. (ఏపీ అంటే ఇక్కడ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. విజయవాడవాళ్లు కంగారు పడక్కర్లేదు.) పట్టుబట్టి ఒక మెట్టు పైన కూర్చోబెడితే వచ్చే చిక్కు అక్టోబరులో బయటపడుతుంది: భిన్నాలు, ఘాతాంకాల దగ్గర పునాది గట్టిపడని పిల్లలు ఆల్జీబ్రా 2 ఆనర్స్‌లో తడబడతారు. కోర్సు మార్చుకునే గడువు చాలా చోట్ల మొదటి రెండు మూడు వారాలే. ఆ తర్వాత మానేస్తే ట్రాన్‌స్క్రిప్ట్‌లో ‘డబ్ల్యూ’ (విత్‌డ్రా, అంటే మధ్యలో మానేసినట్టు) పడవచ్చు. అందుకే మొదటి రెండు క్విజ్‌ల పేపర్లు అడిగి చూడండి.

థియాలజీని ఫిజిక్స్‌లాగా చదవాలి

సాధారణంగా నాలుగేళ్లూ ఉంటుంది. అమెరికా బిషప్పుల సంఘం 2008లో ప్రచురించిన పాఠ్య చట్రాన్ని అనుసరించే బడుల్లో బైబిలు, క్రీస్తు, సంఘం (చర్చి), సంస్కారాలు (సాక్రమెంట్లు), నైతికత లాంటి విషయాలు వరుసగా వస్తాయి. ప్రపంచ మతాల కోర్సు ఉన్నా, అది సాధారణంగా పై తరగతుల్లోనే.

పిల్లల నమ్మకానికి మార్కులుండవు, చదివిన పాఠానికి ఉంటాయి. ‘ఈ ఉపమానంలో తండ్రి పాత్ర దేన్ని సూచిస్తుంది?’ అని అడిగితే ‘అన్ని మతాలూ ఒకటే చెబుతాయి’ అని రాసే పిల్లలున్నారు. మాట మంచిదే, కానీ ప్రశ్నకు జవాబు కాదు, సున్నా పడుతుంది. ఎలా రాయాలంటే: ముందు అధ్యాయం, వచనం సంఖ్య చెప్పాలి. అది ఎవరిని ఉద్దేశించి, ఏ సందర్భంలో చెప్పిందో ఒకటి రెండు వాక్యాల్లో రాయాలి. తర్వాత దానికి చర్చి చెప్పే అర్థం. సొంత అభిప్రాయం అడిగితేనే చివర్లో. పదకోశం కూడా కొత్తదే: కవనెంట్, గ్రేస్, సాక్రమెంట్ లాంటి మాటలకు కచ్చితమైన నిర్వచనాలున్నాయి. తోటి పిల్లలు ఎనిమిదేళ్లుగా కాథలిక్ బడిలో వింటూ వచ్చినవి మీ పిల్లలకు మొదటి వారంలోనే అవసరమవుతాయి. 40 కార్డులు రాసుకుని ఆగస్టులోనే మొదలెడితే చాలు.

బలిపూజ (మాస్) రోజున అందరూ లేచినప్పుడు లేవాలి, మోకరించినప్పుడు ఊరికే కూర్చోవచ్చు. దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం, కమ్యూనియన్) మాత్రం కాథలిక్కులు కానివారు తీసుకోకూడదు. మన ప్రసాదంలా చెయ్యి చాచడం సహజంగా జరిగే పొరపాటు. వరుసలో వెళ్లాల్సి వస్తే రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుంటే ఫాదర్ ఆశీర్వదించి పంపుతారు. విభూది బుధవారం (యాష్ వెన్స్‌డే) నాడు నుదుటి బూడిద ఎవరైనా పెట్టించుకోవచ్చు. తపస్సుకాలం (లెంట్, ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాలు) శుక్రవారాల్లో క్యాంటీన్‌లో మాంసం ఉండదు. శాకాహారులకు ఏడాదిలో అవే మంచి రోజులు.

గుండు, మాల, డిసెంబరు టికెట్లు

డ్రెస్‌కోడ్‌లో జుట్టు, గడ్డం గురించి కూడా నియమాలుంటాయి. గడ్డం పెంచడం చాలా మగపిల్లల బడుల్లో నిషిద్ధం, పూర్తిగా గొరిగిన తలను కూడా కొన్ని ఒప్పుకోవు. తిరుపతి మొక్కు ఉన్నా, అయ్యప్ప మాల వేయించాలన్నా కనీసం రెండు వారాల ముందు డీన్ ఆఫ్ స్టూడెంట్స్‌కు (క్రమశిక్షణ చూసే అధికారి) మెయిల్ రాయండి: ఏమిటి, ఎందుకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. మత కారణమని ముందే చెబితే వినే అవకాశం ఎక్కువ, డిటెన్షన్ (బడి అయ్యాక ఆపి ఉంచే శిక్ష) పడ్డాక వివరణ ఇవ్వడం కష్టం. (జెస్యూట్, అంటే యేసు సభ గురువులు నడిపే బడుల్లో డిటెన్షన్‌ను ‘జగ్’ అంటారు.)

దసరా, సంక్రాంతి సెలవులు కావు. ఆ రోజుల్లో పిల్లల్ని మాన్పించాలంటే ఒకరోజు ముందే అటెండెన్స్ ఆఫీసుకు తెలియజేయాలి. ఇండియా టికెట్లు కొనేముందు ఫైనల్స్ తేదీలు చూడండి. క్రిస్మస్ సెలవులకు ముందు వారమే అవి పడతాయి. చవక టికెట్ కోసం నాలుగు రోజులు ముందు బయల్దేరితే ఆ పరీక్షలు మళ్లీ పెట్టించుకోవడం అంత తేలిక కాదు.

సేవా గంటలు

పిల్లలు కొన్ని గంటలు సమాజ సేవ చేసి బడికి లెక్క చూపాలి; ఎన్ని గంటలన్నది బడిని బట్టి మారుతుంది. ఆ గంటలు తిరస్కరించే కారణాలు మాత్రం అవే: ముందుగా అనుమతి తీసుకోకపోవడం, బంధువు సంతకం పెట్టడం, అవసరంలో ఉన్నవాళ్లకు నేరుగా చేసిన సేవ కాకపోవడం. గుడిలో ప్రసాదాల పంపిణీని కొన్ని బడులు ఒప్పుకోవు, అదే గుడివాళ్లు నడిపే ఫుడ్ డ్రైవ్‌ను (పేదల కోసం ఆహార సేకరణ) ఒప్పుకోవచ్చు. ఫుడ్ బ్యాంకుల్లో కనీస వయసు నిబంధన ఉంటుంది, ముందే ఫోన్ చేసి అడగండి. వేసవిలోనే పూర్తిచేసి, గంటలు ముగిసిన వారంలోనే రిఫ్లెక్షన్ వ్యాసం (సేవలో నేర్చుకున్నదాని గురించి) రాయించండి.

ఫాల్ సీజన్ ఆటలకు ఎంపికలు ఆగస్టులో, చాలా చోట్ల బడి తెరవకముందే జరుగుతాయి. డాక్టర్ సంతకం ఉన్న ఫిజికల్ ఫారం లేకపోతే మైదానంలోకి రానివ్వరు. క్రాస్ కంట్రీలో (దూరపు పరుగు) చాలా బడులు ఎవరినీ తీసేయవు, ఆటల అలవాటు లేని పిల్లలకు స్నేహితులు దొరికే దారి అది.

గ్రేడు మీద పేచీ వస్తే ముందు పిల్లలే టీచరుకు మెయిల్ రాయాలి. తర్వాత మీరు, ఆ తర్వాత కౌన్సెలర్. నేరుగా ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్తే మళ్లీ టీచరు దగ్గరికే పంపిస్తారు.

పదకొండో తరగతి అక్టోబరులో పీఎస్‌ఏటీ (ఎస్‌ఏటీకి సన్నాహక పరీక్ష), మేలో ఏపీ పరీక్షలు ఉంటాయి. సిఫారసు లేఖలు రాసేది చాలావరకు ఆ ఏడాది టీచర్లే, వేసవి సెలవులకు ముందే అడగాలి. కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తు పెట్టుకునే వెబ్‌సైట్) ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ప్రధాన వ్యాసం 650 పదాలకు మించకూడదు.

పదకొండులోనో పన్నెండులోనో చాలా బడుల్లో కైరోస్ అనే రిట్రీట్ (ఆధ్యాత్మిక శిబిరం) ఉంటుంది. సాధారణంగా నాలుగు రోజులు, ఫోన్లు తీసేసుకుంటారు. ఆ రోజుల హోంవర్క్ ముందే పూర్తిచేసుకోమనండి. కొన్ని వారాల ముందు బడి నుంచి మీకు ఒక కబురు వస్తుంది, బిడ్డకు ఉత్తరం రాయమని, బిడ్డకు చెప్పవద్దని. మార్కుల ప్రస్తావన తేకుండా చేత్తో ఒక పేజీ రాయండి. బిడ్డకు తెలుగు చదవడం రాకపోతే ఇంగ్లీషులో రాసి, ఇంట్లో పిలిచే ముద్దుపేరు ఒక్కటి తెలుగులో రాయండి. తాతయ్య, అమ్మమ్మ చేత కూడా రాయించవచ్చు, కాకపోతే గుంటూరు నుంచి రావడానికి పట్టే రోజులు లెక్కేసుకోండి.