రోమ్‌లో చర్చి పైకప్పు: మెడ నొప్పి లేకుండా

రోమ్‌లోని సాంత్ ఇన్యాత్సియో చర్చిలోకి ప్రవేశం ఉచితమే. కానీ పైకప్పు చిత్రం చూపించే అద్దం దగ్గర పెద్ద క్యూ ఉంటుంది, తలెత్తి చూద్దామంటే మెడ పట్టేస్తుంది.

క్యూ వదిలేయండి. హాలు మధ్యలో నేల మీద గుండ్రటి పాలరాతి గుర్తు ఉంటుంది, అక్కడ నిలబడండి. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా ఆన్ చేసి, స్క్రీన్ పైకి ఉండేలా నడుము ఎత్తులో చాచి పట్టుకోండి. తల వంచి ఎంతసేపైనా చూడొచ్చు. ఫొటోకి 3 సెకన్ల టైమర్ పెడితే చెయ్యి కదలదు.

ఇంకాస్త ముందుకెళ్తే రెండో గుర్తు. అక్కడి నుంచి కనిపించే గుమ్మటం నిజానికి 1685లో ఆంద్రియా పొజ్జో గీసిన చదునైన కాన్వాస్! పక్కకి జరిగితే వంకరగా కనిపిస్తుంది.

సాయంత్రం వెలుతురు తగ్గాక సెల్ఫీ కెమెరాలో బొమ్మ మసకగా వస్తుంది, పగలే వెళ్లండి. ప్రార్థన జరిగేటప్పుడు ఫోన్ తీయొద్దు. పైకప్పు చిత్రాలకే పేరున్న వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో ఫొటోలు నిషేధం కాబట్టి అక్కడ ఇది కుదరదు.