ఎన్‌ఎఫ్‌ఎల్ పట్టిక అర్థం కావాలంటే డివిజన్ నుంచి మొదలుపెట్టండి

అమెరికన్ ఫుట్‌బాల్ కొత్తగా చూసేవాళ్లు చాలామంది ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని 32 జట్లనూ ఒకే వరుసలో పెట్టుకుని పైనుంచి కిందికి చదువుతారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఈ లీగ్‌లో అసలు లెక్క నడిచేది నాలుగేసి జట్లున్న ఎనిమిది చిన్న పట్టికల్లో. వాటినే డివిజన్లు అంటారు. మీకు నచ్చిన జట్టు ఏ డివిజన్‌లో ఉందో, దానితో పాటు ఉన్న మిగతా మూడు జట్లేవో ముందు తెలుసుకోండి.

డివిజన్ల పైన రెండు కాన్ఫరెన్సులుంటాయి: ఏఎఫ్‌సీ, ఎన్‌ఎఫ్‌సీ. ఒక్కోదానిలో 16 జట్లు. ఈస్ట్, నార్త్, సౌత్, వెస్ట్ అని నాలుగు డివిజన్లు. కాన్ఫరెన్సులు దేశపటాన్ని బట్టి గీసినవి కావు. 1970లో ఎన్‌ఎఫ్‌ఎల్, దాని పోటీ లీగ్ ఏఎఫ్‌ఎల్ విలీనమైనప్పుడు ఏర్పడ్డాయి. అందుకే ఒకే స్టేడియంలో ఆడే రెండు న్యూయార్క్ జట్లలో జెయింట్స్ ఎన్‌ఎఫ్‌సీలో, జెట్స్ ఏఎఫ్‌సీలో ఉన్నాయి. దిక్కుల పేర్లనూ మరీ నమ్ముకోవద్దు. టెక్సస్‌కు చెందిన డాలస్ కౌబాయ్స్ ఆడేది ఎన్‌ఎఫ్‌సీ ఈస్ట్‌లోనే.

ఇక అంకెలు. 9-4-1 అంటే 9 గెలుపులు, 4 ఓటములు, 1 టై. గెలిస్తే ఇన్ని పాయింట్లు అనే పద్ధతి లేదు, గెలుపు శాతమే చూస్తారు. టైని అర గెలుపుగా లెక్కేస్తారు కాబట్టి ఇక్కడ 9.5ను 14తో భాగించాలి, పట్టికలో .679 అని కనిపిస్తుంది. సీజన్ మధ్యలో ప్రతి జట్టుకూ ఒక వారం సెలవు ఉంటుంది. అప్పుడు జట్లు ఆడిన మ్యాచ్‌ల సంఖ్య సమానంగా ఉండదు కనుక గెలుపులు కాకుండా శాతమే చూడండి.

18 వారాల్లో ఒక్కో జట్టు 17 మ్యాచ్‌లు ఆడుతుంది. డివిజన్‌లోని మూడు జట్లతో రెండేసి చొప్పున 6. సొంత కాన్ఫరెన్సులో మరో డివిజన్ మొత్తంతో 4, అవతలి కాన్ఫరెన్సులో ఒక డివిజన్‌తో 4. ఈ డివిజన్లు ఏటా మారుతుంటాయి. మిగిలిన మూడు మ్యాచ్‌లు నిరుడు తమ డివిజన్లలో ఇదే స్థానంలో నిలిచిన జట్లతో: రెండు సొంత కాన్ఫరెన్సులో, ఒకటి అవతల. అంటే 31 ప్రత్యర్థుల్లో ఒక సీజన్‌లో ఎదురయ్యేది 14 మందే. వేర్వేరు డివిజన్లలోని రెండు జట్ల అంకెలు ఒకేలా ఉన్నా, అవి దాటివచ్చిన దారి ఒకటి కాదని ఇందువల్లే గుర్తుంచుకోవాలి.

ప్లేఆఫ్‌లకు, అంటే సీజన్ చివర టైటిల్ కోసం జరిగే నాకౌట్ మ్యాచ్‌లకు, ఒక్కో కాన్ఫరెన్సు నుంచి 7 జట్లు వెళ్తాయి. డివిజన్ విజేతలు నలుగురికీ 1 నుంచి 4 సీడ్‌లు, అంటే ప్లేఆఫ్ ర్యాంకులు. మిగిలినవాటిలో మెరుగైన మూడు జట్లు వైల్డ్ కార్డులుగా 5, 6, 7. కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే: వైల్డ్ కార్డు జట్టు రికార్డు ఎంత గొప్పదైనా డివిజన్ విజేత కంటే కిందే. 2008 సీజన్‌లో శాన్ డియేగో చార్జర్స్ 8-8తో డివిజన్ గెలిచి ప్లేఆఫ్‌లకు వెళ్తే, అదే కాన్ఫరెన్సులో 11-5తో ఉన్న న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఇంటిదారి పట్టింది. 12-4తో ఉన్న ఇండియానాపొలిస్ కోల్ట్స్ కూడా ఆ చార్జర్స్ మైదానానికే వెళ్లి ఆడి, ఓవర్‌టైమ్‌లో ఓడిపోయింది. అన్యాయంగా అనిపించవచ్చు గానీ, డివిజన్ మ్యాచ్‌లకు అంత పట్టుదల రావడానికి కారణం ఈ నియమమే.

తొలి రౌండ్‌లో మొదటి సీడ్‌కు విశ్రాంతి. 2తో 7, 3తో 6, 4తో 5 తలపడతాయి. రెండో రౌండ్ జతలను ముందే గీసిపెట్టుకోవద్దు. మిగిలినవాటిలో అట్టడుగు సీడ్ ఎవరైతే వాళ్లే మొదటి సీడ్ దగ్గరికి రావాలి. ఆ తర్వాత కాన్ఫరెన్సు ఫైనల్, రెండు కాన్ఫరెన్సుల విజేతల మధ్య టైటిల్ పోరు సూపర్ బౌల్. అన్నీ ఒక్క మ్యాచ్ పోటీలే, ఓడితే సీజన్ ముగిసినట్టే.

శాతాలు సమానమైతే స్కోర్ల తేడా చూసి తేల్చేయకండి, దాని వంతు చాలా ఆలస్యంగా వస్తుంది. ఒకే డివిజన్‌లోని రెండు జట్లైతే ముందు ముఖాముఖి ఫలితం, తర్వాత డివిజన్ రికార్డు, ఉమ్మడి ప్రత్యర్థులపై రికార్డు, కాన్ఫరెన్సు రికార్డు వరుసగా చూస్తారు. వైల్డ్ కార్డు కోసం వేర్వేరు డివిజన్ల జట్లు పోటీపడితే, అవి తలపడి ఉంటే ఆ ఫలితం, లేకపోతే నేరుగా కాన్ఫరెన్సు రికార్డు.

అట్టడుగున నిలిచిన జట్టు కింది లీగ్‌కు దిగిపోదు. పైగా తర్వాతి డ్రాఫ్ట్‌లో కొత్త ఆటగాళ్లను ముందుగా ఎంచుకునే హక్కు దానికే దక్కుతుంది. పాత ఫలితాలు వెతికేటప్పుడు మాత్రం సంవత్సరం జాగ్రత్త: 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఈగల్స్ గెలిచిన సూపర్ బౌల్ 2024 సీజన్‌ది.