పద్యంలోనూ చిత్రంలోనూ చంద్రుణ్ణి చదవడం ఎలా

పద్యంలో చంద్రుడు కనబడగానే ప్రేమకో అందానికో గుర్తని తేల్చివేయకుండా, అతడు ఏ తిథి నాటివాడో ముందుగా చూడండి. శుక్ల విదియ నాటి నెలవంక సూర్యాస్తమయం కాగానే పడమట కనిపించి, కాసేపటికే అస్తమిస్తుంది. పున్నమి చంద్రుడు పొద్దు గుంకే వేళకు తూర్పున ఉదయించి రాత్రంతా ఉంటాడు. అటుపైన రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యంగా వస్తూ, బహుళ పక్షం చివరికి తెల్లవారుజామున సన్నని రేఖగా మిగులుతాడు. అందువల్ల ఆశను చెప్పవలసిన చోట విదియ చంద్రుడు, ఎదురుచూపును చెప్పవలసిన చోట బహుళ చంద్రుడు చక్కగా ఒదుగుతారు. చిత్రంలో నడిరేయి నడినెత్తిన నెలవంక ఉంటే, దాన్ని ఆకాశాన్ని చూసి వేసినదిగా కాక, శివుని జటలోని చంద్రరేఖ వలె కేవలం సంకేతంగా తీసుకోవాలి. రాజస్థానీ, పహాడీ సూక్ష్మచిత్రాలలో మనుషులు చాలాసార్లు నీడలు లేకుండా పగటివేళలో ఉన్నట్లే కనిపిస్తారు. అది రాత్రి అని తెలిపే పని చంద్రబింబానిదే.

తరువాత, చూస్తున్నది ఎవరో గమనించండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. కావ్యానికి చెప్పిన 18 వర్ణనలలో చంద్రోదయం ఒకటి. మన ప్రబంధాలలో విరహిణి చంద్రుణ్ణి నిందించే ఘట్టానికి చంద్రోపాలంభనమని పేరు. చల్లని వెన్నెల ఆమెను కాలుస్తుంది. ఆమె వాదన అర్థం కావాలంటే పురాణం తెలిసి ఉండాలి: చంద్రుడు పాలకడలిలో లక్ష్మితోపాటు హాలాహలానికీ తోబుట్టువు, రాహువు మింగినా బయటపడినవాడు, ఒంటిపై మచ్చ ఉన్నవాడు. కవి అక్కడ సుధాకరుడని కాక దోషాకరుడని అంటే, రాత్రిని కలిగించేవాడనే అర్థం వెనుక తప్పుల గని అనే నింద కూడా వినిపిస్తుంది.

చుట్టూ ఉన్నవాటిని కూడా వదలకండి. చకోరం వెన్నెల తాగుతుంది, కలువ విచ్చుకుంటుంది, చంద్రకాంత శిల కరుగుతుంది. అదే వేళకు తామర ముడుచుకుంటుంది, చక్రవాకాల జంట విడిపోతుంది. వీటిలో కవి దేన్ని ఎంచుకున్నాడన్నదే ఆ రాత్రి ఎవరి పక్షాన ఉందో చెబుతుంది.

మీరే రాయదలిస్తే తిథిని, వేళను, చూసే మనిషిని ముందే నిర్ణయించుకొని, ఆ మనిషికి పనికివచ్చే ఒక్క లక్షణాన్నే, అంటే మచ్చనో క్షయాన్నో ఆలస్యాన్నో, పద్యం చివరిదాకా నడిపించండి. ముఖాన్ని చంద్రబింబంతో పోల్చడం మాత్రం, అందుకు మీదైన కారణం దొరికేదాకా పక్కన పెట్టండి.